ఇంట్లో వింటుంది, బయట వినదు: కుక్క శిక్షణలో చిక్కు ఎక్కడుంది?

కుక్కను పెంచుకునేవాళ్ల దగ్గర తరచూ వినబడే ఫిర్యాదు ఒకటుంది. "హాల్లో కూర్చోమంటే ఠక్కున కూర్చుంటుంది. కింద పార్కింగ్‌లోకి దిగామా, మేమెవరమో తెలియనట్టే ఉంటుంది. దానికన్నీ తెలుసు, కావాలనే మొండికేస్తోంది." ఇందులో మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోది తప్పు. ఆ మూడో వాక్యాన్ని నమ్మిన దగ్గర్నుంచే కేకలు, చైను గుంజడాలు, పేపరు చుట్టి మూతి మీద కొట్టడాలు మొదలవుతాయి.

హాల్లో కుక్క నేర్చుకున్నది "కూర్చో" అనే మాట ఒక్కటే కాదు. డబ్బా మూత చప్పుడు, మీరు ఎదురుగా నిలబడటం, చెయ్యి కాస్త పైకి లేవడం, కాళ్ల కింద చల్లటి టైల్స్, ఇవన్నీ కలిసి దానికి ఒకే సంకేతం. కావాలంటే పరీక్ష చేసి చూడండి. కుక్కకు వీపు చూపించి నిలబడి, చేతులు జేబులో పెట్టుకుని, రోజూ అనే గొంతుతోనే "కూర్చో" అనండి. తర్వాత సోఫాలో వెల్లకిలా పడుకుని అనండి. చాలా కుక్కలు అయోమయంగా చూస్తాయి, లేదంటే చుట్టూ తిరిగి మీ మొహం ఎదురుగా వచ్చి నిలబడతాయి. ఒక చోట నేర్చుకున్న సంగతిని ఇంకో చోట వాడటం మనుషులకు తేలిక, కుక్కలకు చాలా కష్టం. అందుకే హాలు, మెట్లు, లిఫ్టు ముందు, గేటు, రోడ్డు, ఒక్కో చోటా మళ్లీ కొంత నేర్పాల్సిందే. నయమేమిటంటే, నాలుగైదు చోట్లు దాటాక కొత్త చోట పట్టే సమయం బాగా తగ్గిపోతుంది.

కాబట్టి కుక్క మాట వినలేదంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎలా లొంగదీయాలి" అన్నది కాదు. "ఈ చోట, ఇంత సందడిలో, ఇంతసేపు చేయమని నేనెప్పుడైనా నేర్పానా?" అన్నది. తొంభై పాళ్లు జవాబు "లేదు" అనే వస్తుంది.

ఆ ఒక్క సెకను

కుక్క ఏ పని చేస్తే మంచి జరిగిందో ఆ పని మళ్లీ చేస్తుంది. శిక్షణ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. కానీ "మంచి" ఎప్పుడు జరగాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పని అయిన సెకను, సెకనున్నరలోపు ప్రతిఫలం అందాలి. కుక్క కూర్చుంది, మీరు వంటింట్లోకి వెళ్లి డబ్బా తెరిచి తిండి ముక్క తెచ్చేసరికి అది లేచి మీ వెనకే వచ్చి గెంతుతోంది. అప్పుడు మీరిచ్చిన ముక్క గెంతినందుకు వెళ్లింది, కూర్చున్నందుకు కాదు.

ఈ ఆలస్యాన్ని పూడ్చడానికే "ఇదే సరైన పని" అని చెప్పే గుర్తుమాట వాడతారు. "యెస్" లాంటి పొట్టి మాట ఏదైనా సరే, ఇంట్లో మామూలు సంభాషణలో ఊరికే దొర్లనిది అయితే మేలు. "సరే", "ఆఁ" లాంటివి రోజంతా అంటూనే ఉంటాం కాబట్టి పనికిరావు. నొక్కితే టిక్కుమనే క్లిక్కర్ అనే చిన్న పరికరం కూడా ఇదే పని చేస్తుంది. మొదటి రోజు కుక్కను ఏ పనీ చేయమనకుండా "యెస్" అనడం, వెంటనే ముక్క పెట్టడం, పది పదిహేనుసార్లు చేయాలి. మాట వినగానే కుక్క చటుక్కున మీ చేతి వైపు చూస్తే అర్థమైనట్టే. ఇక ఆ మాట ఫొటో తీసినంత కచ్చితంగా, సరైన క్షణాన్ని పట్టి చూపిస్తుంది. ముక్క చేతికి రావడం రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. నోరు "యెస్" అనకముందే చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. కుక్కలు కళ్లతోనే ఎక్కువ చదువుతాయి కాబట్టి మాటను పక్కనబెట్టి చేతి కదలికనే నేర్చుకుంటాయి. తర్వాత జేబులోకి చెయ్యి పోకపోతే కూర్చోవు. "ట్రీటు లేకపోతే మాట వినదు" అని మనం తిట్టుకునేది ఈ కుక్కల్నే. వరస ఎప్పుడూ ఇలా ఉండాలి: కుక్క పని, మాట, ఆ తర్వాత చేతి కదలిక.

ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన చికెన్ చాలా కుక్కలకు ప్రాణం. శాకాహార ఇళ్లలో పనీర్, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ వాడొచ్చు. తీపి బిస్కెట్లు కుక్కకు ఇష్టమే గానీ రోజూ అవే అయితే ఒళ్లు పెరుగుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిసిన పీనట్ బటర్ విషంతో సమానం. రోజు మొత్తం తిండిలో ఇలాంటి ముక్కల వాటా పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో అన్నమో గుళికలో (కొనే ఎండు తిండి) తగ్గించాలి. ఇంట్లో తేలిక పనులకు దాని మామూలు గుళికలే సరిపోతాయి. చికెన్‌ని బయటి పనులకు దాచుకోండి. రోడ్డు మీద బండ్ల మోత, పిల్లి వాసన, వీధి కుక్కల అరుపుల మధ్య మీ ఎండు గుళిక ఎవరికి కావాలి?

కొట్టడం పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది

కేక వేయగానే కుక్క ఆగిపోతుంది. అందుకే కేకను వదలడం మనుషులకు కష్టం. ఆగిన ఆ క్షణం మనకు బహుమతి, అదే మనకు కేకను నేర్పుతోంది. కుక్క మాత్రం నేర్చుకున్నది వేరు: ఈ మనిషి దగ్గరుండగా ఈ పని చేస్తే భయం. మీరు ఆఫీసుకు వెళ్లగానే చెప్పు మళ్లీ కొరుకుతుంది, ఎందుకంటే భయం మీతోపాటే బయటికి వెళ్లిపోయింది.

"తప్పు చేశానని దానికే తెలుసు, మొహం చూడండి" అనే మాట ఇంకా ప్రమాదకరం. తల వంచడం, చెవులు వెనక్కి పెట్టడం, కళ్లు పక్కకు తిప్పడం చూసి మనం పశ్చాత్తాపం అనుకుంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఈ మొహానికీ, కుక్క చేసిన తప్పుకూ సంబంధం కనబడలేదు. తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువగా వచ్చింది, ఏ తప్పూ చేయని కుక్కల్ని తిట్టినా వచ్చింది. అది యజమాని కోపాన్ని చల్లార్చడానికి చేసే ప్రయత్నం మాత్రమే. సాయంత్రం ఇంటికొచ్చి, మధ్యాహ్నం పోసిన మూత్రం దగ్గరికి మెడ పట్టి లాక్కెళితే, "అమ్మ తలుపు తీస్తే నాకు దెబ్బలు" అన్నదే దానికి మిగిలే పాఠం.

"నువ్వే గుంపు నాయకుడివని చూపించాలి" అన్న సలహా కూడా ఇంకా తిరుగుతూనే ఉంది. దాని మూలం జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశీలన. జూలో ఒకచోట పడేసిన, ఒకదానికొకటి పరిచయంలేని తోడేళ్లను ఆయన గమనించారు. ఆ ఆలోచనకు 1970లో బాగా ప్రచారం తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ స్వయంగా 1999లో దాన్ని సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లిదండ్రులు, వాటి పిల్లలు, అంటే ఒక కుటుంబం. ఇక పెంపుడు కుక్క తోడేలు కూడా కాదు. అది తలుపులోంచి మీకన్నా ముందు దూరితే బయటికి వెళ్లాలన్న తొందర తప్ప సింహాసనం మీద ఆశ కాదు.

పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. దండనతో నేర్పే చోట్ల కుక్కల్లో పెదవులు నాకడం, ఆవులించడం, ఒళ్లు ముడుచుకోవడం లాంటి ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనబడ్డాయి, శిక్షణ తర్వాత ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా ఎక్కువ పెరిగింది. ఈ గుర్తులు ఇంట్లో అందరూ చదవడం నేర్చుకోవాల్సినవి. కుక్క మొదట తల పక్కకు తిప్పుతుంది, పెదవులు నాకుతుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగుస్తుంది, గుర్రుమంటుంది, ఆఖరికి కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కోపమో భయమో మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత "ఏ హెచ్చరికా లేకుండా కరిచేసింది" అంటాం. ఆ హెచ్చరికను తీసేసింది మనమే. గుర్రుమంటే పిల్లల్ని పక్కకు తీసుకెళ్లండి, కుక్కకు దూరం ఇవ్వండి, దేనికి గుర్రుమందో గుర్తుపెట్టుకోండి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 ప్రకారం కుక్కను కొట్టి హింసించడం నేరమే. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచి తిప్పకపోవడం కూడా.

దయ అంటే హద్దుల్లేకపోవడం అనుకోకండి. చెత్తబుట్టకు మూత, చెప్పులకు అల్మారా, వంటింటికి చిన్న గేటు పెట్టడమే సగం శిక్షణ. తప్పు చేసే అవకాశం దొరకని కుక్కపిల్లకు ఆ అలవాటు పుట్టదు.

మూత్రం గోల

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పగటిపూట పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో చెప్పడానికి ఒక మోటు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు గరిష్ఠం. ఆడుతున్నప్పుడు అరగంట కూడా కష్టం. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకు, ఆట ఆగగానే, రాత్రి పడుకునే ముందు, ఈ నాలుగు వేళలూ తప్పనిసరి. మిగతా సమయంలో ప్రతి గంటకో గంటన్నరకో ఒకసారి. పిల్ల ఉన్నట్టుండి ఆట ఆపి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే మీకు ఉన్నది పది సెకన్లు.

ముందుగా ఇంట్లో అందరూ ఒక నిర్ణయానికి రావాలి: బాల్కనీయా, కిందా? ఐదో అంతస్తులో ఉంటూ రెండు నెలల పిల్లను ప్రతిసారీ లిఫ్టులో దించడం అందరికీ కుదరదు. పైగా టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకే భయం ఉంది. బాల్కనీలో ఒక ట్రేలో గడ్డి పలకో కృత్రిమ గడ్డో పెట్టి మొదలుపెట్టడం తప్పేమీ కాదు. కాకపోతే ఆర్నెల్లు బాల్కనీ అలవాటు చేసి ఒకరోజు హఠాత్తుగా "ఇక కిందే" అంటే కుదరదు. అదే గడ్డి ముక్కను కింద మీకు కావాల్సిన చోట కొన్నాళ్లు పరిచి మార్చుకోవాలి. న్యూస్‌పేపర్ల మీద అలవాటు చేస్తే సోఫాలో పడున్న పేపరూ దానికి ఒకటే.

పని అయిన చోటే, పని అయిన వెంటనే ముక్క ఇవ్వాలి. పైకి వచ్చి ఇస్తే లిఫ్టు ఎక్కినందుకు ఇచ్చినట్టు. ఇంకో సూక్ష్మం ఉంది. కుక్క మూత్రం పోయగానే చాలామంది "హమ్మయ్య" అని వెంటనే ఇంటికి తీసుకొచ్చేస్తారు. మూడు నాలుగు రోజుల్లో కుక్కకు అర్థమయ్యేది ఏమిటంటే, మూత్రం పోస్తే షికారు ముగిసిపోతుంది. ఇక అది అరగంట ఆపుకుని ఆపుకుని ఇంట్లోకి రాగానే తివాచీ మీద కానిస్తుంది. వరస తిరగేయండి. ముందు ఒకే చోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. పోస్తే ముక్క, ఆ తర్వాత అసలు షికారు. పోయకపోతే తిరిగి పైకి, పది నిమిషాలు ఒళ్లోనో చిన్న ఎన్‌క్లోజర్‌లోనో ఉంచి మళ్లీ కిందికి.

ఇంట్లో పోస్తుండగా కనబడితే చప్పట్లు ఒక్కసారి కొట్టి ఆపి, ఎత్తుకుని సరైన చోటికి తీసుకెళ్లండి. అరవొద్దు. అరిస్తే మనిషి ఎదురుగా పోయడమే తప్పనుకుని మంచం వెనక దాక్కుని పోస్తుంది, బయట మీ కళ్ల ముందు అసలు పోయదు. తుడిచేటప్పుడు ఫినాయిల్ వద్దు. మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. తడి ఆరకముందే దాని మీద నడిచి పాదాలు నాకితే ప్రమాదం కూడా. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ మూత్రంలోని పదార్థాలను విడగొడుతుంది, వాసన మూలంతో పోతుంది.

ఎన్నాళ్లు? రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటే నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు చాలా పిల్లలు గాడిన పడతాయి. చిన్న జాతులకు ఇంకా ఆలస్యమవుతుంది. ఏడాది వయసు దాకా అడపాదడపా జారినా ఆశ్చర్యపోనక్కర్లేదు. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే అది శిక్షణ సమస్య కాదు, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో డాక్టరు చూడాలి. మిమ్మల్ని చూడగానే ఒళ్లంతా ఊపుతూ రెండు చుక్కలు కారిస్తే అది ఉత్సాహం. పట్టించుకోకుండా ఇంట్లోకి నడిచి, అది నెమ్మదించాక పలకరించండి.

కొరకడం గురించి క్లుప్తంగా. పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చే కాలం, సుమారు నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా, నోరు ఊరుకోదు. తడిపి ఫ్రీజర్లో గట్టిపడేలా పెట్టిన గుడ్డ, చల్లటి క్యారెట్ బాగా పనికొస్తాయి. పళ్లు చేతికి తగిలితే ఆట ఆగిపోవాలి, లేచి అరనిమిషం పక్కకు వెళ్లిపోవాలి. "అమ్మో" అని కీచుగా అరిస్తే కొన్ని పిల్లలు ఆగుతాయి, ఇంకొన్నిటికి మరింత హుషారొస్తుంది. సాయంత్రం ఏడింటికి పిచ్చెక్కినట్టు అందరి కాళ్లూ పట్టుకునే పిల్లకు చాలాసార్లు కావాల్సింది ఆట కాదు, నిద్ర. రెండు మూడు నెలల పిల్ల రోజుకు పద్దెనిమిది గంటలు పడుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో దానికి అంత నిద్ర దొరకడం కష్టం.

దూరం, సమయం, సందడి

"ఆగు" అన్న ఒక్క పనిని దగ్గరగా చూస్తే శిక్షణ మొత్తం ఎలా నడవాలో తెలుస్తుంది. ఏ పని కష్టమైనా మూడు వైపుల నుంచే పెరుగుతుంది: మీకూ కుక్కకూ మధ్య దూరం, అది ఆగాల్సిన సమయం, చుట్టూ ఉన్న సందడి. ఒకసారికి ఒక్కదాన్నే పెంచాలి. ఒకటి పెంచినప్పుడు మిగతా రెండూ తగ్గించాలి. ఇంట్లో పది సెకన్లు ఆగగలిగిన కుక్కను గేటు దగ్గర, నాలుగడుగుల దూరంలో, ఎదురింటి పిల్లి ముందు అరనిమిషం ఆగమంటే మూడూ ఒక్కసారే పెంచేసినట్టు.

హాల్లో మొదలుపెట్టండి. కూర్చోబెట్టి "ఆగు" అని, ఒక సెకను కాగానే "యెస్", ముక్క. తర్వాత రెండు సెకన్లు, మూడు, ఐదు. మధ్యలో అప్పుడప్పుడు మళ్లీ ఒక సెకనుకు దిగండి, ప్రతిసారీ కష్టమే పెరుగుతూ పోతే కుక్క విసిగి లేచిపోతుంది. ముక్కను అది కూర్చున్న చోటికి తీసుకెళ్లి నోటికి అందించాలి. మీ దగ్గరికి రమ్మని ఇస్తే లేవడం నేర్పినట్టే. పూర్తయ్యాక "పద" లాంటి విడుదల మాట చెప్పండి. ఆ మాట లేకపోతే ఎప్పుడు లేవాలో కుక్కే తేల్చుకుంటుంది.

పది సెకన్లు నిలకడగా వచ్చాక సమయం ఒక సెకనుకు దించి దూరం మొదలుపెట్టండి: ఒక అడుగు వెనక్కి, వెంటనే తిరిగి కుక్క దగ్గరికి. అది కుదిరాక వీధి తలుపు ముందుకు మార్చండి. తలుపు మూసే ఉండగా ఒక సెకను. గడియ మీద చెయ్యి వేసి ఒక సెకను. గడియ చప్పుడు చేసి, బెత్తెడు తెరిచి, సగం తెరిచి. కుక్క లేచిందా, ఏమీ అనకుండా తలుపు మూసేయండి. మూసుకున్న తలుపే దానికి జవాబు. ఆ తర్వాత కారిడార్, ఎవరూ లేని వేళ లిఫ్టు ముందు, లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు, చివరికి లిఫ్టులో మనుషులున్నప్పుడు. లిఫ్టులో మీరు కుక్కకూ మనుషులకూ మధ్య నిలబడి, దాన్ని మూల వైపు కూర్చోబెట్టండి.

ఎప్పుడు పై మెట్టుకు వెళ్లాలో తేల్చుకోవడానికి శిక్షకులు వాడే తేలిక లెక్క ఒకటుంది. ఐదుసార్లు చేయించండి. నాలుగో ఐదో సరిగ్గా వస్తే పై మెట్టు. మూడు వస్తే అదే మెట్టు మళ్లీ. రెండు, అంతకన్నా తక్కువైతే కింది మెట్టుకు దిగిపోండి. దిగడానికి చిన్నతనంగా అనిపించకూడదు. వరసగా తప్పుతున్న కుక్క అక్కడ నేర్చుకునేది తప్పునే. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆదివారం ఒకేసారి గంట చేయించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

"రా" అంటే పరుగెత్తి రావాలంటే ఆ మాటను పాడుచేసుకోకూడదు. స్నానానికి, గోళ్లు కత్తిరించడానికి, పార్కు నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి "రా" అనకండి. అలాంటప్పుడు మీరే వెళ్లి తెచ్చుకోండి. వస్తుందన్న నమ్మకం లేనప్పుడు పిలవకండి. "రా రా రా రా" అని పదిసార్లు పిలిస్తే మొదటి తొమ్మిదిసార్లూ లెక్కలోకి రావని నేర్పినట్టు. ఐదు నుంచి పది మీటర్ల పొడవు తాడును ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టి, మూసిన మైదానంలో సాధన చేయండి. ఇంత పొడవు తాడును మెడ పట్టీకి కట్టొద్దు, పరిగెత్తి ఆగినప్పుడు గొంతు నలుగుతుంది. వచ్చిన ప్రతిసారీ ఒక ముక్కతో సరిపెట్టకుండా నాలుగైదు వరసగా పెట్టండి. ఎంత బాగా వచ్చినా మన రోడ్ల మీద తాడు వదలడం మాత్రం వద్దు.

వీధి కుక్కలు, ఎండ, దీపావళి

విదేశీ వీడియోల్లో కనబడని చిక్కు మన వీధి కుక్కలది. అవి తమ హద్దు కాపాడుకుంటాయి, మీ కుక్క ఆ హద్దులో కొత్త మొహం. దూరంగా కనబడగానే, మీ కుక్క ఇంకా ముక్క తినగలుగుతున్నప్పుడే, అర్ధచంద్రాకారంలో పక్కకు తప్పుకోండి. చికెన్ ముట్టడం మానేసిందంటే అప్పటికే భయం ముదిరింది, ఇక నేర్పే పని లేదు, వెనక్కి తిరగాల్సిందే. తాడును గట్టిగా బిగించి పట్టుకుంటే మీ ఆదుర్దా తాడులోంచి కుక్కకు పాకుతుంది. ఎదురు కుక్క దగ్గరికే వచ్చేస్తే గుప్పెడు గుళికలు దాని ముందు నేల మీద చల్లి మీరు నడిచిపోండి. రోజూ ఒకే దారి, ఒకే వేళ అయితే రెండు మూడు వారాల్లో అవి మిమ్మల్ని గుర్తుపట్టి చాలావరకు సర్దుకుంటాయి.

వేసవిలో హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఎండెక్కక ముందు, రాత్రి నేల చల్లారాక తప్ప నడిపించకూడదు. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. వేడికి ఒగరుస్తున్న కుక్క మాట వినకపోవడం మొండితనం కాదు.

టపాసుల భయానికి సాధన దీపావళికి నెలా రెండు నెలల ముందే మొదలవ్వాలి. టపాసుల చప్పుడు రికార్డింగును చెవిని తాకీ తాకనంత తక్కువలో పెట్టి, ఆ వెంటే చికెన్. చెవులు రిక్కించి తినడం ఆపితే శబ్దం ఎక్కువైనట్టు. ఆ రాత్రి లోపలి గది, మూసిన కిటికీలు, ఫ్యాను, టీవీ మోత. బాగా వణికే కుక్కకు మందు కోసం కొన్ని వారాల ముందే డాక్టరును కలవాలి. భయపడుతుంటే ఒళ్లోకి తీసుకోండి, నిమరండి. ఓదారిస్తే భయం పెరుగుతుందన్నది అపోహ. భయం కుక్క చేసే పని కాదు, ముక్కతోనో ముద్దుతోనో పెంచడానికి.

ఇంట్లో నలుగురు, నాలుగు పద్ధతులు

అమ్మ "కూర్చో" అంటుంది, అబ్బాయి "సిట్" అంటాడు, తాతయ్య "కూకో" అంటాడు. ఏ భాషైనా కుక్కకు ఒకటే, కానీ అందరిదీ ఒకే మాట కావాలి. పొట్టిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. ఆ మాటల్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పనివాళ్లకూ వాచ్‌మన్‌కూ చెప్పండి.

అసలు గండం భోజనాల బల్ల దగ్గర. ఇంట్లో అందరూ నెలరోజులు ఏమీ పెట్టకుండా ఉండి, తాతయ్య ఒక్కడు వారానికోసారి ఇడ్లీ ముక్క జారవిడిస్తే ఆ కుక్క అడుక్కోవడం జన్మలో మానదు. ఎప్పుడో ఒకసారి దొరికేదే అలవాటును అన్నిటికన్నా గట్టిగా నిలబెడుతుంది. అందరూ ఒక్కమాట మీద మానేస్తే ముందు కొన్నాళ్లు మొరుగుడు పెరుగుతుంది, ఇన్నాళ్లూ పనిచేసినది పనిచేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది కాబట్టి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "పాపం" అని పెట్టేస్తారు. దాంతో ఇంకా గట్టిగా మొరిగితే దొరుకుతుందన్న పాఠం స్థిరపడుతుంది. తాతయ్య చేతిని ఆపడం కన్నా ఆ చేతికి వేరే పని చెప్పడం మేలు. బల్లకు ఆరడుగుల దూరంలో చాప వేసి, కుక్క దాని మీద పడుకుని ఉంటే ఆయనే లేచి వెళ్లి దాని గుళికలు రెండు చాప మీద పెట్టి రావాలి. చాప దగ్గర దొరుకుతుంది, బల్ల దగ్గర దొరకదు. ఇలా చేస్తే ఆయన ప్రేమకూ అడ్డం లేదు.

ఏ కుక్క నుంచి ఎంత ఆశించాలి

కుక్కపిల్ల మూడు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వయసులో ఏవి చూస్తే అవి మామూలని మనసులో పడతాయి. గొడుగు, ఆటో, గడ్డం ఉన్న మనిషి, చక్రాల కుర్చీ, మిక్సీ మోత. టీకాలు పూర్తికాకపోయినా చేతుల్లో ఎత్తుకుని వీధి చివర పది నిమిషాలు నిలబడి చూపించవచ్చు. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. నెలన్నరకే తల్లి నుంచి వేరుచేసిన పిల్లను "ముద్దుగా ఉంది" అని తెచ్చుకోవద్దు. కొరికే బలాన్ని అదుపు చేసుకోవడం అది తల్లి, తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది.

ఆ వయసు ఏ సందులోనో బెదురుతూ గడిపి, ఏడాది వయసులో మీ ఇంటికి వచ్చిన కుక్క అతిథుల ఒళ్లోకి గెంతే కుక్కగా మారకపోవచ్చు. దాని విషయంలో గెలుపంటే, చుట్టాలు హాల్లో ఉండగా లోపలి గదిలో నిశ్చింతగా పడుకోగలగడం. ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా వచ్చే కౌమారం ఇంకొకటి. బ్రిటన్‌లో 2020లో ప్రచురితమైన అధ్యయనంలో ఐదు నెలల వయసులో యజమాని మాట బాగా విన్న కుక్కలు ఎనిమిది నెలలప్పుడు తక్కువ విన్నాయి, అదీ సొంత యజమాని మాటే. చాలామంది ఈ దశలోనే "ఇది ఇక దారికి రాదు" అని వదిలేస్తారు. శిక్షణలో మెట్లు కొన్ని దిగి, తాడు పొడవు తగ్గించి, ఓపిక పడితే దాటిపోతుంది.

జాతి కూడా లెక్కలోకి వస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాచిన జోనంగికి గోతులు తవ్వడం రక్తంలో ఉంది. తవ్వొద్దని ఏళ్ల తరబడి పోట్లాడే బదులు పెరట్లో ఒక మూల ఇసుక పోసి, అందులో బొమ్మలు పూడ్చి పెట్టడం తెలివైన పని. రాజపాళయం, ముధోల్ లాంటి వేటకుక్కల ముందు ఉడుత పరిగెడితే మీ "రా" వినబడకపోవచ్చు, కంచె ఉన్న చోటే వదలండి. వాసన పట్టిన బీగిల్ కూడా అంతే. ల్యాబ్రడార్ తిండికి ఏదైనా నేర్చుకుంటుంది, కానీ రోజుకు రెండు పూటలా తిప్పకపోతే ఆ ఓపికంతా సోఫా మీద చూపిస్తుంది. హస్కీని మన ఎండల్లోకి తెచ్చుకోకపోవడమే దానికి చేయగల మేలు.

శిక్షకుణ్ని పెట్టుకునే ముందు

కుక్క స్వభావం హఠాత్తుగా మారినా, ముట్టుకుంటే గుర్రుమన్నా మొదట పశువుల డాక్టరు దగ్గరికే వెళ్లాలి. చెవి పోటు, కీళ్ల నొప్పి, పంటి నొప్పి ఉన్న కుక్కకు ఏ శిక్షణా ఎక్కదు. కరిచి రక్తం వస్తే గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకాలు వేసి ఉన్నా సరే డాక్టరుకు చూపించుకోండి.

శిక్షకుణ్ని రెండు ప్రశ్నలు అడగండి. కుక్క సరిగ్గా చేస్తే ఏమిస్తారు? తప్పు చేస్తే దానికి ఏం జరుగుతుంది? రెండో ప్రశ్నకు "కరెక్షన్" అనో "ఎనర్జీ" అనో డొంకతిరుగుడు జవాబు వస్తే, ఆ మాటకు అర్థం చేత్తో చేసి చూపించమనండి. ముళ్ల పట్టీ, గొంతు బిగించే చైను, షాక్ కాలర్ సంచిలోంచి బయటికి వస్తే అక్కడితో ఆపేయండి. "పదిహేను రోజులు మా దగ్గర వదలండి, గ్యారంటీ" అనేవాళ్ల దగ్గర జాగ్రత్త. కళ్లకు కనబడని చోట ఏం జరుగుతుందో మీకు తెలియదు. అక్కడ మంచిగానే నేర్పినా, కుక్క నేర్చుకునేది ఆ మనిషి దగ్గర, ఆ ఆవరణలో. మీ హాల్లో, మీ లిఫ్టు ముందు, మీ గొంతుకు మళ్లీ నేర్పుకోవాల్సింది మీరే. క్లాసులో సగం సమయం తాడు మీ చేతిలో పెట్టి, మీ చేతులు ఎప్పుడు కదులుతున్నాయో, ముక్క ఎక్కడ అందిస్తున్నారో చూసి మిమ్మల్ని దిద్దే శిక్షకుడు దొరికితే ఆయన దగ్గర నెలకు రెండు క్లాసులు చాలు.